కోడలి మడి

కోడలు డాలస్ నుంచి దిగిన రోజునే రాజమండ్రి ఇన్నీసుపేటలోని ఆ ఇంట్లో వంటిల్లు చేతులు మారింది. పెట్టెలు విప్పకముందే ఆవిడ పిండి డబ్బాల మూతలు విప్పింది. గోధుమపిండి, మైదా, బొంబాయి రవ్వ, సేమియా పనిమనిషి సంచీలోకి వెళ్లాయి. మనవడి కోసం మామగారు ముచ్చటపడి తెప్పించిన తాపేశ్వరం మడత కాజాలు ఎదురింటివాళ్ల పాలయ్యాయి. ఆఖరికి ఇంగువ డబ్బాను కూడా వెనక్కి తిప్పి చదివింది.

"చూడండి అత్తయ్యగారూ, ఇందులోనూ గోధుమపిండే!"

అత్తగారు బుగ్గన వేలేసుకున్నారు. "ఇన్నాళ్లూ పులిహోరలో నేను వేసింది అదా!"

కోడలి హడావిడికి కారణం లేకపోలేదు. తొమ్మిదేళ్ల పిల్లాడికి సీలియాక్ జబ్బని తేలింది. గోధుమల్లోనూ బార్లీలోనూ ఉండే గ్లూటెన్ కడుపులో పడితే చాలు, ఒంట్లో రోగాలతో పోరాడవలసిన శక్తి ఎదురుతిరిగి చిన్నపేగు లోపలి పొరనే దెబ్బతీస్తుంది. నయం చేసే మందు లేదు. జన్మంతా గోధుమ జోలికి పోకపోవడమే వైద్యం. చిటికెడైనా పనికిరాదు.

"మనవైపు అరుదండీ మామ్మగారూ" అన్నారు వీధి చివరి డాక్టరుగారు. "2016లో ఒక సర్వే వచ్చింది. ఉత్తరాదిన నూటికి ఒకరికి పైనే ఉందిట. దక్షిణాదిన వెయ్యికి ఒక్కరు. వాళ్లు రొట్టెలు తింటారు, మనం అన్నం తింటాం కదా!"

అత్తగారికి నవ్వొచ్చింది. షుగరుందని చెప్పి, రాత్రిపూట అన్నం మానేసి చపాతీ తినమని ఆవిడకి రాసిచ్చింది ఆ డాక్టరుగారే. మామ్మకి మందు, మనవడికి విషం. అందుకని చపాతీ పెనమూ పీటా వసారాలోకి వెళ్లాయి. వాటి వెనకే అత్తగారూ వెళ్లారు. రాత్రిళ్లు అక్కడే స్టూలు మీద కూర్చుని రెండు చపాతీలు తిని, చేతులు సబ్బుతో కడుక్కుని గాని ఇంట్లోకి వచ్చేవారు కాదు.

వంటింటికి కొత్త మూకుడు వచ్చింది. కొత్త జల్లెడ, కొత్త చెక్కగరిటె వచ్చాయి. పూరీలు వేగిన నూనెలో అప్పడం కూడా వేయించకూడదు. బియ్యప్పిండి మరలో ఆడించకూడదు, ముందు ఎవరి గోధుమలు ఆడాయో ఎవరికి తెలుసు? నానబెట్టి ఆరబోసిన బియ్యాన్ని ఇంట్లోనే మిక్సీ పట్టాలి. పొరపాటున ఎవరైనా గడప దాటి లోపల అడుగుపెడితే "ముట్టుకోకండి!" అని కేక వినిపించేది.

మామగారు ఒకరోజు ఉండబట్టలేకపోయారు. "కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు నువ్వు తడిచీరతో నిలబడి 'ముట్టుకోకమ్మాయ్' అంటే, మడేమిటి, చాదస్తం కాకపోతే, అని మూతి తిప్పింది నీ కోడలు. గుర్తుందా?"

"ఊరుకోండి. నా మడి దేవుడి కోసం. దాని మడి బిడ్డ కోసం. దానిదే గొప్ప" అన్నారావిడ.

నిజానికి గోదావరి పిండివంటలకి ఈ జబ్బంటే భయం లేదు. ఆత్రేయపురంలో పలచటి బియ్యప్పిండి జావలో గుడ్డ ముంచి, కాలుతున్న కుండ వీపు మీద లాగితే లేచి వచ్చేదే పూతరేకు. దానికి 2023లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అరిసెలు, పాకుండలు, సున్నుండలు, కొబ్బరి బూరెలు, దేనిలోనూ గోధుమ పొడ లేదు. కాకపోతే పిల్లాడికి డాలస్‌లో అలవాటైనది బేరిపండు కేకు. మొహం వేలాడేసుకుని అదే కావాలన్నాడు.

మామగారు కోటిపల్లి బస్టాండు దాకా వెళ్లి గట్టివి ఏరి బేరికాయలు తెచ్చారు. అత్తగారు చెక్కు తీసి, గింజల గూడు తొలిచి, కోరారు. బేరిపండు ఒంటినిండా నీళ్లే. తొందరపడి బెల్లం వేస్తే పాకం జారిపోతుంది, ఉండ కట్టదు. అందుకని ముందు తడి ఇగిరేదాకా సన్నసెగన మగ్గించి, అప్పుడు కొబ్బరికోరూ బెల్లమూ వేసి, దగ్గరపడ్డాక యాలకులపొడి చల్లి దించారు. ఉండలు చేసి, బియ్యం, మినప్పప్పు కలిపి రుబ్బిన తోపులో ముంచి, కొత్త నూనెలో వదిలారు. పిల్లాడు బూరె కొరికి, లోపల తనకి తెలిసిన రుచి తగిలేసరికి కళ్లు పెద్దవి చేశాడు.

"మామ్మా, ఇంకోటి!"

కోడలు మాత్రం మూకుడు అడుగున వేలు రాసి చూసుకున్నాకే ఇంకోటి పెట్టనిచ్చింది.

జబ్బు బయటపడిన రోజున కోడలు అన్నవరం సత్యనారాయణస్వామికి వ్రతం మొక్కుకుంది. శ్రావణమాసంలో మంచిరోజు చూసుకుని కారులో బయల్దేరారు. అత్తగారు తెల్లవారుజామునే లేచి, బియ్యపు నూక నేతిలో వేయించి ఉడికించి, మగ్గిన బేరిముక్కలూ బెల్లమూ కలిపి ఒక స్టీలు డబ్బాకి ఎత్తారు. కొండ మీదికి వచ్చాక డబ్బా చేతిలోకి తీసుకోబోతే కోడలు ఆపింది.

"స్వామి ప్రసాదం ఉండగా ఇదెందుకండీ?"

"ఎందుకైనా మంచిదనమ్మా."

"దీని మూత ఎవరు తోమారో ఏమో. కారులోనే ఉండనివ్వండి."

డబ్బా కారులోనే ఉండిపోయింది.

వ్రత మండపంలో పురోహితులు మైకులో కథ అందుకున్నారు. మొదటి అధ్యాయం నడుస్తుండగా కోడలు పిల్లాడి చేతిలోని జ్యూసు డబ్బా లాక్కుని, వెనకవైపు చిన్నక్షరాలు చదువుతోంది. నాలుగో అధ్యాయం వచ్చింది. మొగుణ్ణి చూసే ఆత్రంలో కళావతి ప్రసాదం వదిలేసి పరుగెత్తడం, ఆ మొగుడు పడవతో సహా మునిగిపోవడం విన్నాక ఉలిక్కిపడి తలెత్తింది. వ్రతం అయ్యాక, మోకాళ్ల నొప్పులతో అత్తగారు అరుగు మీద చేరగిలబడి ఉండగా, తనే వెళ్లి ప్రసాదం పొట్లాలు తెచ్చింది. కళ్లకద్దుకుని, ఆకు విప్పి, నెయ్యి కారుతున్న ప్రసాదాన్ని పిల్లాడికి తన చేత్తోనే తినిపించింది. కింద పడిన పలుకు కూడా ఏరి వాడి నోట్లో పెట్టింది.

ఆ రాత్రే పిల్లాడికి కడుపునొప్పి, వాంతులు. కోడలు ఇల్లు ఎగిరిపోయేలా అరిచింది. "నాకు తెలుసు! ఆ చపాతీ చేతులతో ఎవరో మూకుడు ముట్టుకున్నారు. ఈ ఇంట్లో శుభ్రం లేదు, చెప్తే వినరు!"

అత్తగారు మాట్లాడకుండా పిల్లాడి వీపు రాస్తూ కూర్చున్నారు.

పొద్దున్నే డాక్టరుగారు వచ్చి, నిన్న తిన్నవన్నీ వరసగా చెప్పమన్నారు. కోడలు ఒక్కొక్కటే చెప్పుకొచ్చింది. పిల్లాడే నీరసంగా అందుకున్నాడు. "ప్రసాదం చెప్పలేదు మమ్మీ. నువ్వు మొత్తం పెట్టావుగా."

డాక్టరుగారు కలం ఆపారు. "అన్నవరం ప్రసాదం గోధుమ నూకతో చేస్తారు కదమ్మా!"

కోడలి మొహం పాలిపోయింది. "ప్రసాదాన్ని వద్దనగలనా డాక్టరుగారూ? కళావతికి ఏమైందో కథలో విన్నాను!"

అత్తగారు లేచి వెళ్లి, కారులోంచి దించి పెట్టిన స్టీలు డబ్బా తెచ్చి కోడలి ముందు పెట్టారు.

"నువ్వు విన్నది నాలుగో అధ్యాయం అమ్మాయ్. గోధుమపిండి లేకపోతే బియ్యప్పిండితో చేసి పెట్టండని స్వామి మొదటి అధ్యాయంలోనే చెప్పాడు. అప్పుడు నువ్వు లేబుల్ చదువుతున్నావు."