వంశవృక్షం కింద గుమస్తా

1948లో చట్టం వచ్చి జమీందారీలు రద్దయ్యాయి. ఏనుగులు పోయాయి, పేష్కషు పోయింది, విజయనగరం కోటలో కాలేజీలు వెలిశాయి. చట్టం రాసినవాళ్లు ఒక్కటి మర్చిపోయారు: రాజుల జీవితచరిత్రలు రాసే కొలువుని రద్దు చెయ్యలేదు. అందుచేత విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో ఆ కొలువు నేటికీ జీతం లేకుండా, ఖాళీ అన్నది లేకుండా నడిచిపోతోంది.

మా చరిత్రకారుడు (పేరెందుకు, ఊరికొకడున్నాడు) మామూలుగా రిటైరయ్యాక ఈ వృత్తిలోకి దిగుతాడు. చేతిలో బ్యాంకువాళ్లిచ్చిన డైరీ, సంచీలో పాత గెజెటీర్ జిరాక్సు. మొదట వంశవృక్షం గీస్తాడు. వేళ్లు ఎంత లోతుకి పోతే అంత మర్యాద కనక సూర్యుడి దగ్గర్నుంచే మొదలెడతాడు. మధ్యలో ఓ ఎనిమిది వందల ఏళ్లు దొరకవు. అక్కడ ‘తదనంతరం’ అనేసి ఒక్క గెంతులో దాటేస్తాడు. ఇక ఏ రాజుకి ఎన్ని ‘శ్రీ’లు తగిలించాలన్న విషయంలో మాత్రం అతన్ని తప్పు పట్టగల మొనగాడు ఉత్తరాంధ్రలో లేడు.

అతనికి అసలు గండం బొబ్బిలి దగ్గర. 1757 జనవరి 24న విజయనగరం విజయరామరాజు ఫ్రెంచి సేనాని బుస్సీని వెంటబెట్టుకుని బొబ్బిలి కోట మీద పడ్డాడు. లోపల ఆడవాళ్లు, పిల్లలు చచ్చిపోయారు. బొబ్బిలి రాజు రంగారావు చచ్చిపోయాడు. ఆ తర్వాత కొద్ది రోజుల్లోనే బొబ్బిలివారి తాండ్ర పాపారాయుడు రాత్రివేళ డేరాలో దూరి విజయరామరాజుని పొడిచేశాడు. ఇన్ని చావుల కథని రెండు ఇళ్లలోనూ చెప్పి రెండు చోట్లా భోజనం చేసి రావాలంటే మాటలా? మావాడు విజయనగరంలో మాట్లాడితే తప్పంతా ఫ్రెంచి ఫిరంగులది. బస్సు గజపతినగరం దాటి బొబ్బిలి చేరేసరికి తప్పు విజయనగరానిది కూడా. రెండు ఊళ్లలోనూ నిలకడగా దొరికే దోషి బుస్సీ ఒక్కడే. అతని వారసులెవరూ సభకి రారు.

ఈ తంటా పడలేకనో ఏమో, బొబ్బిలి మహారాజా శ్వేతాచలపతి రంగారావుగారు తమ జమీందారీ చరిత్రని తామే ఇంగ్లీషులో రాసుకున్నారు. దాన్ని సవరించి, పెంచి మళ్లీ అచ్చు వేయించారు కూడా. భారతదేశపు ప్రభువులకి సలహాలిస్తూ ఇంకో పుస్తకం రాశారు. ఈ పద్ధతంటే నాకు నిజంగానే గౌరవం. తన వంశాన్ని తనే పొగుడుకునే రాజుతో పేచీ లేదు, ఎవరి పక్షమో అట్ట మీదే తెలిసిపోతుంది. మధ్యలో దళారీ ఉండడు. ఆయన మనవడు రామకృష్ణ రంగారావు మద్రాసు ప్రెసిడెన్సీకి ప్రథమ మంత్రిగా చేశారు. 1937 ఎన్నికల్లో సొంత బొబ్బిలిలోనే వి.వి. గిరి చేతిలో ఓడిపోయారు. మావాడి చేతికొస్తే ఆ ఓటమి ‘రాజకీయాల నుంచి విశ్రాంతి’ అయిపోతుంది.

విజయనగరం మహరాజకుమార్ ‘విజ్జీ’ దగ్గర మాత్రం మావాడి ప్రతిభకి చెయ్యెత్తి మొక్కాలి. 1936లో ఆయన ఇండియా క్రికెట్ జట్టుకి కెప్టెనై ఇంగ్లండు వెళ్లారు. మూడు టెస్టులూ కలిపి 33 పరుగులు చేశారు. ఆ జట్టులో మంచి ఆటగాడైన లాలా అమర్‌నాథ్‌ని మొదటి టెస్టు కాకముందే ఓడెక్కించి ఇంటికి పంపేశారు. రెండు టెస్టులు ఓడిపోయాం, ఒకటి డ్రా. పర్యటన మధ్యలోనే విజ్జీగారికి ‘సర్’ బిరుదు దక్కింది. ఇప్పుడు మా చరిత్రకారుడి పేజీ తిప్పండి. సర్ బిరుదు ఉంటుంది, కోటు వేసుకుని బ్యాటు పట్టుకున్న ఫోటో ఉంటుంది, ‘భారత జట్టుకి సారథ్యం వహించిన ఏకైక ఉత్తరాంధ్ర ప్రభువు’ అన్న బిరుదు అదనం. ఆ ముప్పై మూడు పరుగులు మాత్రం ఎక్కడా కనిపించవు. పోనీ, అమర్‌నాథ్ ఎక్కిన ఓడ పేరైనా కనిపించదు.

అసలు ఈ ఉద్యోగం అసలైన తెలివిగలవాడి చేతిలో పడితే ఏమవుతుందో కూడా విజయనగరమే చూసింది. గురజాడ అప్పారావు సంస్థానంలో శాసన పరిశోధకుడు. మహారాజు ఆనంద గజపతి కొలువులో రాళ్ల మీద రాతలు చదివాడు, కళింగ చరిత్ర రాయాలని సామగ్రి పోగుచేశాడు. ఆనంద గజపతి 1897లో పోయాక ఆయన సోదరి రీవా రాణిగారికి కార్యదర్శిగా ఉండి, సంస్థానపు దత్తత దావాలో ఏళ్ల తరబడి కాగితాలు మోశాడు. కోట లోపలి చరిత్ర అంత దగ్గర్నుంచి చూసిన మనిషి రాజచరిత్ర పూర్తి చెయ్యకుండానే 1915లో వెళ్లిపోయాడు. పూర్తి చేసింది ‘కన్యాశుల్కం’ నాటకం. 1892లో ఆడారు, 1897లో అచ్చయింది, ఆనంద గజపతికే అంకితం. అంకితం ఒక్కటే రాజుకి. లోపలంతా లుబ్ధావధాన్లు, రామప్పంతులు, మధురవాణి.

ఆ నాటకం పీఠికలో ఒక లెక్క ఉంది. మహారాజు పురమాయిస్తే విశాఖపట్నం జిల్లా బ్రాహ్మణ కుటుంబాల్లో మూడేళ్లలో జరిగిన శుల్క వివాహాల పట్టీ తయారైంది. అవి 1,034. పెళ్లినాటికి అయిదేళ్ల పిల్లలు 99 మంది, నాలుగేళ్లవాళ్లు 44, మూడేళ్లవాళ్లు 36, రెండేళ్లవాళ్లు ఆరుగురు, ఏడాది పిల్లలు ముగ్గురు. ఒక రాజు తన కాలంలో చేయించిన పనుల్లో చరిత్ర అనదగ్గది ఇంతకన్నా మరొకటి నాకు కనిపించదు. తన వంశాన్ని కాదు, తన జిల్లాలో అమ్ముడుపోయిన పిల్లల్ని లెక్కపెట్టించాడు. మావాడు ఆ పట్టీని ‘సంఘసంస్కరణాభిలాషి’ అనే ఒక్క సమాసంలో కుక్కేసి, ఆపైన రాజుగారి సంగీతాభిరుచి మీద పదకొండు పేజీలు రాస్తాడు. ఆ నాటకంలోని గిరీశం బతికుంటే ఈ వృత్తిలో ఇంకెవరికీ చోటుండేది కాదు, అది వేరే సంగతి.

ఈమధ్య మావాడు శ్రీకాకుళం వైపు చిన్న జమీందారీల మీద పడ్డాడు. అటు మందసలో ఓ చిక్కుంది. 1940 ఏప్రిల్ 1న గుడారి రాజమణిపురంలో, జమీందారు అడవిలో కట్టె కొట్టిన రైతుల కోసం పోలీసులొచ్చారు. ఊరు అడ్డం తిరిగింది. కాల్పుల్లో సాసుమాన గున్నమ్మ, మరికొందరు చచ్చిపోయారు. గున్నమ్మ గర్భిణి. మావాడు ఆ పేజీని మూడు రకాలుగా రాసి చూసి, చివరికి ‘అటవీ సంపద’ అనే అధ్యాయంలో చేర్చాడు. సాలు, వేగిస చెట్ల పక్కన.

ఆ పుస్తకం ఆవిష్కరణ సభలో అట్ట మీద మెరుగు కాగితం, లోపల ఎనిమిది రంగుల బొమ్మలు, వేదిక మీద ముగ్గురు మాజీలు. వందన సమర్పణ అయ్యాక వెనక వరసలో తలపాగా చుట్టుకున్న ముసలాయన లేచాడు.

“బాబూ, మా తాత ఆ దివానానికి ఏటేటా సిస్తు కట్టినోడు. ఈ బుక్కులో ఆడి పేరేటైనా ఉన్నాదేటి?”

మా చరిత్రకారుడు విసుక్కోలేదు. కళ్లజోడు సర్దుకుని, పేజీలు తిప్పి, వేలు పెట్టి చూపించాడు.

“ఇదుగో, అనుబంధం మూడు. ‘సంస్థానం వార్షికాదాయం’ అని అంకె వేశాను చూడు. అందులోనే ఉన్నాడు మీ తాత.”