పానాపర్వం

తొమ్మిదిమంది అన్నదమ్ములతో వలయంగా కొలువు తీరినవానికి, తొలకరి మేఘాల అభిషేకంతో తుప్పు కాషాయం ధరించినవానికి, 32 పానాకు పట్టుబడక, 34 పానాలోంచి జారిపోయి, 33 పానాకు మాత్రమే శిరసు వంచువానికి, మహాబలుల భుజకీర్తులను నడుంపట్టీలుగా మార్చువానికి, లారీ వెనక చక్రపు నట్టుకు ఈ వర్ణన అంకితం. పూర్వకవులు కృతిపతిని షష్ఠ్యంతాలతో పొగిడి అగ్రహారాలు పుచ్చుకున్నారు. మన కృతిపతి చేతినుంచి రాలేది ఎర్రటి పొడి ఒక్కటే.

కథాస్థలం దండకారణ్యం. విజయవాడ పక్కన ఇబ్రహీంపట్నాన్నీ ఎక్కడో ఉత్తరాఖండ్‌నూ కలిపే 30వ నంబరు జాతీయ రహదారి చింతూరు దాటి, కుంట దగ్గర శబరి ఒడ్డున బస్తర్ సీమలో కాలు పెడుతుంది. తెలుగువాళ్ళకు ఈ అడవి కొత్తది కాదు. 1323లో ఓరుగల్లు పడిపోయాక ప్రతాపరుద్రుడి తమ్ముడు అన్నమదేవుడు ఇటు వచ్చి రాజ్యం నిలబెట్టాడని బస్తర్ రాజవంశం చెప్పుకునే కథ. వెనకాలే వస్తున్న దంతేశ్వరీ అమ్మవారి అందెల చప్పుడు శంఖినీ డంకినీ నదుల ఇసకలో వినపడకపోయేసరికి, ఆయన మాట తప్పి వెనక్కి తిరిగి చూశాడట. అమ్మవారు అక్కడే దంతెవాడలో నిలిచిపోయింది. మన సారథి కూడా టోంగ్‌పాల్ దాటాక అద్దంలో వెనక్కి చూశాడు. లారీ అక్కడే నిలిచిపోయింది.

ఆ రథం సంగతి రెండు ముక్కలు. లోపల గుంటూరు మిర్చి బస్తాలు, గమ్యం రాయ్‌పూర్. సీటు వెనక అడ్డబల్ల శయనమందిరం. కాళ్ళ దగ్గర గ్యాస్ స్టవ్, ఊరగాయ జాడీ ఉన్నచోటు పాకశాల. అద్దం మీద కనకదుర్గమ్మ కొలువున్నచోటు పూజామందిరం. అమెరికాలో వంటగది, పడకగది, స్నానాలగది అమర్చుకుని బస్సంత పొడవు మోటారు ఇళ్ళు తోలుకు తిరుగుతారు. స్నానాలగది తప్ప మన లారీకి తక్కువేమీ లేదు, దానికి శబరి ఉంది, ఇంద్రావతి ఉంది. ఆ మోటారు ఇళ్ళలో పెద్దవాటి చక్రాలకూ చాలావరకు ఈ పది నట్లే, ఈ 33 మిల్లీమీటర్ల కొలతే. డాలర్లు పెట్టి కొన్నవాడి నడుమూ మనవాడి నడుమూ ఒక్కచోటే పట్టేస్తాయి.

పోయింది ఎడమవైపు వెనక జంటలో లోపలి టైరు. అంటే పైదాన్ని విప్పితేగాని లోపలిదాన్ని దర్శించలేం. ప్రబంధమన్నాక అష్టాదశ వర్ణనలు ఉండాలి గనక వనవర్ణన ఒకటి చేసి మిగతా పదిహేడూ మాఫీ చేస్తున్నాను: ఇరువైపులా గుగ్గిలం చెట్లు, నడుమ నడుమ ఇప్పచెట్లు, ముందు దర్భా ఘాటు, ఫోన్లో సిగ్నల్ లేదు.

బస్తర్ దసరా 75 రోజుల పండుగ. అయినా అందులో రావణుణ్ణి కాల్చరు. అదంతా దంతేశ్వరి ఉత్సవం. జగదల్‌పూర్ వీధుల్లో జనం తాళ్ళు పట్టి లాగే మహారథం ఉంటుంది, దాన్ని బేడా ఉమర్‌గావ్, ఝార్ ఉమర్‌గావ్ వడ్రంగులు ఏటా కొత్తగా చెక్కుతారు, పదితలలవాడు మాత్రం ఎక్కడా కనిపించడు. అన్ని రోజుల పండుగలో ఎక్కడా దొరకని ఆ పదితలలవాడు ఏమయ్యాడని చాలాకాలం ఆలోచించాను. ఇక్కడున్నాడు. లారీ చక్రం మధ్యన పది తలలూ గుండ్రంగా పేర్చుకుని, ఒక్కొక్క తల ఆరు పలకలుగా చెక్కించుకుని కూర్చున్నాడు.

సారథి నిమ్మకాయలాంటి చల్లని మనిషి, కృష్ణాజిల్లావాడు. క్లీనరు యాభై కిలోల కుర్రాడు. జాకీ అనే కూర్మావతారాన్ని ఇరుసు కింద నిలిపారు గాని ఎత్తలేదు. చక్రం నేలమీద ఉండగానే నట్లకు తొలి కదలిక తేవాలి, గాల్లోకి లేచాక చక్రమే తిరుగుతుంది. ఆ పైన సారథి బోల్టు చివర గీరి చూశాడు. కొన్ని పాత లారీల్లో ఎడమ చక్రాలది వామాచారం, మర ఎడమకు చుట్టి ఉంటుంది. అలాంటిదాన్ని మామూలు దిక్కుకు తిప్పిన వీరుడు విప్పుతున్నాననుకుంటూ బిగిస్తాడు. ఇది కొత్త బండి, దక్షిణాచారమే.

ఇక ఆయుధాగారం తెరవండి.

మొదట వచ్చింది నాలుగు ముక్కుల క్రాస్ పానా. చతుర్ముఖ బ్రహ్మలా నాలుగు దిక్కులకూ నాలుగు కొలతలు చూపిస్తుంది. కారు చక్రాన్ని సృష్టి స్థితి లయలకు గురిచేయగలదు. లారీ నట్టు ముందు దాని చేతులు పొట్టి. బ్రహ్మకు గుడి ఉండకూడదన్నట్టే దీనికీ లారీలో చోటు ఉండకూడదు, ఎందుకుందో సారథిక్కూడా తెలియదు.

రెండోది వీల్ పానా. ఒక గొట్టం, దాని నోట్లో ఆరు పలకల గుంట, అడ్డంగా దూర్చే ఇనప రాడ్డు. లారీతోపాటు పుట్టిన కవచకుండలం. ఇక్కడొక మాట. గుంట ఆరు పలకలదే కావాలి. పన్నెండు అంచుల సాకెట్లు తొందరగా తొడగొచ్చు గాని, తుప్పుకు మూలలరిగిన నట్టు మీద జారిపోయి ఉన్న మూలల్నీ మింగేస్తాయి. గుండ్రమైపోయిన నట్టును మళ్ళీ విప్పాలంటే ఉలీ సుత్తీ పట్టాల్సిందే.

క్లీనరు రాడ్డు మీద వేలాడాడు. దశకంఠుడు కదల్లేదు. సారథి తోడు వేలాడాడు. ఒక కోతి గుగ్గిలం కొమ్మ మీదనుంచి ఈ వంశస్థుల్ని కొత్తగా గుర్తుపట్టింది.

ఇప్పుడు లెక్క చెప్పాలి, కావ్యంలో గణితం పనికిరాదన్నవాళ్ళు ఈ పేరా దాటేయండి. ఇలాంటి లావుపాటి నట్టును బిగించాల్సిన బలం సుమారు 600 న్యూటన్ మీటర్లు. యాభై కిలోలవాడు మీటరు పొడవు గొట్టం కొసన తన బరువంతా వేస్తే వచ్చేది 490. అదే గొట్టం మీటరుంపావు ఉంటే 610 దాటుతుంది. భుజబలం, కులదైవం, మీసం పొడవు ఈ లెక్కలోకి రావు, బరువూ పొడవూ మాత్రమే వస్తాయి. అందుకే మూడోది, సీటు కింద దాగిన నీళ్ళగొట్టం, ఆయుధాలన్నిటిలో నిరాడంబరి. రాడ్డుకు తొడిగితే చెయ్యి సాగుతుంది. పేదవాడి పాశుపతమిది. కానీ శాపం ఉంది. గొట్టం జారితే దాని మీద నిలబడ్డవాడు జారతాడు, రాడ్డు విరిగితే ముక్క ఎటుపోతుందో దానికే తెలియదు.

గొట్టం వేశారు. క్లీనరు ఎక్కి నిలబడ్డాడు. గొట్టం విల్లులా వంగింది, నట్టు వంగలేదు.

అప్పుడు బయటపడింది అసలు శత్రువు తుప్పు కాదని. వారం కిందట ఎక్కడో రోడ్డుపక్క దుకాణంలో ఈ చక్రాన్ని గాలి తుపాకితో బిగించారు. ఆ తుపాకి, అంటే ఇంపాక్ట్ గన్, ఆయుధాల్లో చక్రవర్తి. కంప్రెసర్ గాలితో లోపలి సమ్మెట సెకనుకు బోలెడుసార్లు కొడుతూ నట్టును తిప్పుతుంది. కార్ల దుకాణంలోని అరంగుళం గన్ లారీ ముందు దీపావళి తుపాకి, ముప్పాతిక అంగుళానిదో అంగుళానిదో కావాలి. దానికి నల్లటి దళసరి సాకెట్లే తొడగాలి. వెండిలా మెరిసేవి దెబ్బలకు పగులుతాయి. విప్పడంలో దాన్ని మించింది లేదు, టర్రుమన్న రెండు శబ్దాల్లో నట్టు చేతిలోకి వస్తుంది. కానీ బిగించేటప్పుడు దానికి కొలతంటూ ఉండదు. మీటనొక్కినవాడు టీ కోసం ఎటో చూస్తూ ఇంకో నాలుగు సెకన్లు నొక్కితే 600 బిగించాల్సినచోట వెయ్యి బిగుస్తుంది. చక్రవర్తి నగరంలో వరమిచ్చి పోయాడు, ఆ వరం అడవిలో రాక్షసుడైంది. పురాణాలన్నీ ఇలాగే మొదలవుతాయి గదా. కాబట్టి ఏ పానా కొనాలని నన్నడిగేవాళ్ళను నేను ముందు అడిగేది, మీ నట్లు బిగించిందెవరని.

ఇక నాలుగో ఆయుధం. సారథి మొహమాటపడుతూ తీశాడు. యజమాని కొనిచ్చాడు గాని, ఇన్నేళ్ళ అనుభవం ఉన్నవాడు పిండిమరలాంటి పిడి తిప్పడమేమిటని పెట్టె మూత కూడా తియ్యలేదు. లావాటి పొట్ట, ఒకపక్క సాకెట్టు, ఇంకోపక్క తిప్పే పిడి, కిందకు చాపిన ఒంటికాలు. పొట్టలో సూర్యుడి చుట్టూ గ్రహాల్లా తిరిగే పళ్ళచక్రాలు. దాని మీద 1:58 అని చెక్కి ఉంది. పిడి 58 చుట్లు తిరిగితే నట్టు ఒక్క చుట్టు తిరుగుతుంది, మన చేతి బలం ఆ పొట్టలో రాపిడికి పోగా పదుల రెట్లు పెరిగి నట్టుకు చేరుతుంది. ఒంటికాలు పక్క నట్టు మీద ఆన్చాలి. మనం నట్టును తోసినంత బలంగా ఈ యంత్రం మనవైపు తిరగబడుతుంది, ఆ తిరుగుబాటును అణిచేది ఆ కాలే. కాలికీ నట్టుకూ మధ్య వేలు పెట్టినవాడు వేలుంగరం ఇంకో వేలికి మార్చుకోవాలి.

క్లీనరు ఒక చేత్తో పిడి తిప్పాడు, రెండో చేత్తో బీడీ... ఆ వయసుకు అది వర్ణించను. తిప్పాడు, తిప్పాడు. కిర్రుమంది. మూలిగింది. తర్వాత అడవంతా వినపడేట్టు టంగుమని ఒక కేక. మొదటి తల తెగింది. తొలి పట్టు వదిలాక ఇక పిడి అక్కర్లేదు, వీల్ పానా చాలు. మిగతా తొమ్మిదింటిదీ అదే గతి. అప్పుడు జాకీ ఎత్తి అన్నిటినీ ఊడబెరికారు. యుద్ధకాండ ఇంత చప్పగా ముగిసినందుకు పాఠకులు మన్నించాలి. మంచి పనిముట్టు కావ్యానికి ద్రోహం చేస్తుంది, వీరరసం పుట్టేది పానా సరిపోనప్పుడే.

నా ఓటు ఈ గేర్ల డబ్బాకే, కానీ విప్పడానికి మాత్రమే. దీంతో బిగిస్తే చేతికి బరువు తెలియదు. పిల్లాడు కూడా బోల్టును సాగదీసి తెంపగలడు. బిగింపుకు టార్క్ రెంచి అనే న్యాయమూర్తి ఉన్నాడు. నిర్ణయించిన కొలత రాగానే టక్కుమని తీర్పు చెప్తాడు. ఆ న్యాయమూర్తి మన లారీలో లేడు.

కొత్త చక్రం ఎక్కించి, నట్లను వరసగా కాక ఎదురెదురుగా, ఒకటి పైన ఒకటి కింద పట్టించి, జాకీ దించారు. సారథి గొట్టం మీద జానలతో కొలిచి మీటరుంపావు దగ్గర సుద్దముక్కతో గీత గీశాడు.

"ఒరేయ్, ఇక్కడ నిలబడు. ఊగకు, ఎగరకు. నువ్వే టార్క్ రెంచివి."

మారిన చక్రం కొంతదూరం పోయాక సర్దుకుంటుంది. వంద కిలోమీటర్ల చుట్టుపక్కల నట్లను మళ్ళీ ఒకసారి చూడాలి. జగదల్‌పూర్ దాటి కొండగావ్‌లో ఆగారు, ముందు కేశ్‌కాల్ ఘాటు మలుపులున్నాయి గనక. ఆగిన చోటే ధాబా ఉండడం దైవఘటన. భోజనమయ్యాక గొట్టం తీస్తే కుర్రాడు గీత దగ్గర కాకుండా అంగుళం లోపలికి జరిగి నిలబడ్డాడు.

"గీత మీద నిలబడరా."

"అన్నం తిన్నాను గదన్నా, బరువు పెరిగాను. కిలోకి అంగుళం తగ్గించాలి, లెక్క వేశాను."

"కిలో అన్నం తిన్నావట్రా?"

"పప్పుతో కలిపన్నా."