నేతి బీరకాయలో పది శాతం

ఢిల్లీవాళ్ల నొసలు ముడతలు పడటానికి కారణాలు వెతకనక్కర్లేదు. మే నెలలో ఎండ, నవంబరులో పొగ, ఏడాది పొడవునా గురుగ్రామ్ ట్రాఫిక్. అన్నిటికీ మాల్‌లో ఒకటే మందు, ఒక సీరమ్: "సూది లేని బోటాక్స్! పది శాతం ఆర్జిరెలిన్!"

ఆరు అమైనో ఆమ్లాల ఈ పెప్టైడ్ బార్సిలోనాలోని లిపోటెక్ కంపెనీ సృష్టి. ముడుచుకోమని నరం కండరానికి కబురు పంపాలంటే స్నాప్-25 అనే ప్రోటీన్ కావాలి. సూదిమందు బోటాక్స్ దాన్ని తెగ్గొడుతుంది. ఆర్జిరెలిన్ స్నాప్-25 వేషం వేసుకెళ్లి దాని కుర్చీలో కూర్చుంటుందట. బాగానే ఉంది కానీ, ఆ కుర్చీ చర్మానికి అడుగున ఉంది. 500 డాల్టన్లు మించిన అణువు చర్మం దాటడం కష్టమని 2000లోనే శాస్త్రజ్ఞులు రాశారు. ఆర్జిరెలిన్ బరువు దాదాపు 889.

రుజువుందిగా అంటారు. ఉంది. 2002లో పదిమంది మహిళలు దీన్ని 30 రోజులు రాసుకుంటే ముడతల లోతు 30 శాతం దాకా తగ్గిందట. ఆ పత్రం రాసినవాళ్లలో లిపోటెక్ మనుషులూ ఉన్నారు.

ఇక పది శాతం సంగతి. చాలా సీసాల మీద కనిపించే ఆ అంకె పెప్టైడ్‌ది కాదు, పెప్టైడ్ కలిపిన ద్రావణానిది. ఆ ద్రావణంలో పెప్టైడ్ ఉండేది సాధారణంగా 0.05 శాతం. అందులో పదోవంతు, అంటే 0.005. 30 మిల్లీలీటర్ల సీసాకి ఒకటిన్నర మిల్లీగ్రాము! మిగతాదంతా నీళ్లూ, గ్లిజరిన్‌లాంటి తేమ సరుకూ. తేమ తగిలి చర్మం కాస్త నిండుగా కనిపిస్తుంది. చాకిరీ గ్లిజరిన్‌ది, కీర్తి పెప్టైడ్‌ది.

పొరపాటున నిజంగానే నరాలను కట్టడి చేసిందనుకోండి, కంపెనీకి అంతకంటే పెద్ద చిక్కు. 1940 నాటి ఔషధాలు, సౌందర్య సాధనాల చట్టం లెక్కన కాస్మెటిక్ శుభ్రం చేయాలి, అందం పెంచాలి, రూపు మార్చాలి. నరాల మీద పనిచేసే బోటాక్స్ మాత్రం మందు. అందుకే మన సీరమ్ మాల్‌లో బోటాక్స్‌కి చెల్లెలు, కోట్లా రోడ్డులోని ఔషధ నియంత్రణ కార్యాలయం దగ్గర వట్టి లేపనం. వాడేవాళ్లను తప్పుదారి పట్టించరాదని 2020 నాటి కాస్మెటిక్స్ నియమాలు అంటున్నాయి. కంపెనీలూ కాదనలేదు. "గీతలు తగ్గినట్టు కనిపించేందుకు తోడ్పడవచ్చు" అని రాసి ఊరుకున్నాయి. ఒక్క వాక్యంలో మూడు దొడ్డిదారులు!

మనమూ వాళ్ల లెక్కలోనే బేరమాడదాం. సీసా ధర వెయ్యి రూపాయలా? అందులో పది శాతం, దానిలో 0.05 శాతం ఇద్దాం. అయిదు పైసలవుతుంది. నాణెం దొరక్కపోతే, చెల్లించినట్టు కనిపించేందుకు తోడ్పడతామని చీటీ రాసిద్దాం.