రూతు పద్యము: టీకా తాత్పర్య సహితము

అవతారిక: ఈ పద్యమునకు కర్త ఒకడు కాడు. అమెరికాలో బేస్‌బాల్ స్టేడియమునకు తాతగారి వెంట పోయిన ప్రతి మనుమడును మూడవ ఇన్నింగ్స్ ముగియక మునుపే అనెడి మాట ఇది. వచనముగా ఉన్నంతకాలము ఎవరును దీనిని పట్టించుకొనలేదు గనుక, తేటగీతిలో పెట్టి వ్యాఖ్యానించుచున్నాము.

మూలము:

రూతు నేడాడెనేని మా రోజులందు
నూరు మైళ్ళను గంటకు నుఱుకు బంతి
బ్యాటు దరికేని చేరునె పాత వాని
గొప్ప యనుటెల్ల తాతల గొడవ గాదె!

ప్రతిపదార్థము: రూతు = బేబ్ రూత్ అనువాడు (714 హోమ్ రన్‌లు కొట్టినవాడు, 1935లో ఆట మానినవాడు, ఇప్పుడు ఎదురు చెప్పుటకు లేనివాడు); నేడు = ఈ దినమున; ఆడెనేని = ఆడినయెడల; మా రోజులందు = మా కాలమునందు; గంటకు నూరు మైళ్ళను ఉఱుకు = గంటకు నూరుమైళ్ళ వేగమున దూకునట్టి; బంతి = బంతి (క్రింద చూడుడు); పాత వాని = ఆ పాతకాలపువానియొక్క; బ్యాటు దరికేని = బ్యాటు సమీపమునకైనను; చేరునె = చేరునా? (చేరదని ధ్వని); గొప్ప అనుట ఎల్ల = గొప్పవాడు, గొప్పవాడు అని ఊదరగొట్టుట యంతయు; తాతల గొడవ = ముసలివారి రభస; కాదె = కదా!

'నేడు' అనిన తరువాత మరల 'మా రోజులందు' అనుట పునరుక్తి దోషము కాదా అనిన, కాదు. కుర్రవాడు వాదములో ఉన్నాడు. వాదములో పునరుక్తి గుణమే.

విశేషాంశములు: బంతి అనగా బంతియే అని మొదటి చూపునకు తోచును. అంత తేలిక కాదు. 1920కి పూర్వము ఒకే బంతి మట్టిపట్టి, ఉమ్మి తడిసి, మెత్తబడి, సాయంకాలపు వెలుగులో కంటికానని స్థితి వచ్చువరకు ఆటలో ఉండెడిది. ఉమ్మి పూసి విసరుటను ఆ యేటినుండి నిషేధించిరి. ఆ ఆగస్టులోనే క్లీవ్‌లాండ్ ఆటగాడు రే చాప్‌మన్ తలకు బంతి తగిలి మరణించెను. అటుపిమ్మట మాసిన బంతిని వెంటనే మార్చుట ఆచారమైనది. సరిగా ఆ సంవత్సరమే రూత్ 54 హోమ్ రన్‌లు కొట్టెను. మనుమడు ఇంతవరకు విని చిరునవ్వు నవ్వును. నవ్వనిండు.

నూరు మైళ్ళు: ఇది అతిశయోక్తి కాదు, స్వభావోక్తియే. 2010లో ఆరోల్డిస్ చాప్‌మన్ (వేరు చాప్‌మన్) విసరిన బంతి 105.8 మైళ్ళని యంత్రము చూపెను. రూత్ కాలమున అట్టి యంత్రము లేదు. 1940లో కూడ పిచ్చరు బాబ్ ఫెల్లర్ వేగము తెలిసికొనుటకు అతని బంతికిని మోటారుసైకిలుకును పందెము పెట్టవలసి వచ్చెను. బంతియే గెలిచెను.

బ్యాటు: రూత్ బ్యాటు 40 ఔన్సులు దాటినది. నేటివారివి 32 ఔన్సుల చుట్టుపక్కల తూగును. అంత బరువు త్రిప్పులోపల నేటి బంతి క్యాచరు చేతిలో పడునని మనుమని పక్షము. అట్లయిన రూతునకు తేలిక బ్యాటు ఇత్తము అని తాతగారు. బ్యాటు ఇచ్చినచో జిమ్ము ఇయ్యవలెను, వంటవానిని ఇయ్యవలెను, పిచ్చరు చేయి కదలికలను రాత్రంతయు చూపు వీడియో ఇయ్యవలెను. హాట్‌డాగ్‌లు మానిపింపవలెను. ఇన్నియు ఇచ్చి, హాట్‌డాగ్‌లు మానిపించిన పిమ్మట మిగులువాడు రూతేనా? తర్కశాస్త్రమున దీనికి సమాధానము దొరకలేదు. కాలము దాటించునపుడు మనిషితో ఏ సామాను పంపవలెనో తేల్చుకొననిదే ఈ వాదములో కూర్చుండరాదని మా మతము.

ఇక సిద్ధాంతపక్షము. మనిషిని నేటికి లాగక, తన తోటివారి నడుమనే నిలిపి కొలువవలెను. 1920లో అమెరికన్ లీగున రూత్ కొట్టినవి 54. రెండవవాడు జార్జ్ సిస్లర్ 19. ఆ లీగులో తక్కిన ఏడు జట్లలో ఏ జట్టుకు ఆ జట్టు మొత్తము కొట్టినను 54 కాలేదు. 2001లో బారీ బాండ్స్ 73 కొట్టి రికార్డు పెట్టెను గాని, అదే యేడు శామీ సోసా 64 కొట్టెను. ఈ కొలతలో రూతునకు సాటి లేడు. తాతగారు విజయగర్వమున వేరుశెనగలు ఒలుచుకొందురు.

దీనికి ఆక్షేపము హార్వర్డున శిలాజములు చదివిన స్టీఫెన్ జే గూల్డ్ నుండి వచ్చినది. 1941లో టెడ్ విలియమ్స్ వెయ్యికి 406 వంతున కొట్టిన పిదప రూత్ ఆడిన మేజర్ లీగులలో నాలుగువందలు ఎవరును అందుకొనలేదు. కొట్టువారు క్షీణించిరని తాతలు వగచిరి. గూల్డ్ లెక్క తిరుగబడెను: సగటు దాదాపు ఉన్నచోటనే ఉన్నది, తక్కినవారందరును మెరుగై దగ్గరకు జరిగిరి, కావున ఒకడు అంత దూరము నిలుచుట అసాధ్యమైనది. దీనినిబట్టి రూత్ ఎత్తులో కొంత రూతుది, కొంత తక్కినవారి పొట్టితనము. వాటాలు ఎట్లు పంచవలెనో ఎవరి ఇష్టము వారిది. మేము సగముకంటె ఎక్కువయే రూతునకు ఇత్తుము.

కాని ఆ 'తోటివారు' ఎవరు? ఇచట ఉభయులును తడబడుదురు. రూత్ 1914 మొదలు 1935 వరకు ఆడిన మేజర్ లీగులలో నల్లవారికి ప్రవేశము లేదు. సాచెల్ పేజ్ అను నల్ల పిచ్చరు విసరు బంతిని రూత్ లీగు ఆటలో ఒక్కటియు ఎదుర్కొనలేదు. జాష్ గిబ్సన్ అను క్యాచరు 1930 నుండి నల్లవారు వేరుగా ఆడుకొనిన నీగ్రో లీగులలో ఆడి, 1947 జనవరిలో 35వ యేట మరణించెను. మూడు నెలలు తిరుగకుండ, ఏప్రిల్ 15న, జాకీ రాబిన్సన్ అను నల్లవాడు మేజర్ లీగు బ్రూక్లిన్ జట్టున దిగెను. 2024 మేలో మేజర్ లీగువారు నీగ్రో లీగుల లెక్కలను తమ పుస్తకమున కలుపుకొనగా, జీవితకాలపు బ్యాటింగు సగటులో అంతవరకు మొదట నున్న టై కాబ్ రెండవ స్థానమునకు జరిగెను, .372తో గిబ్సన్ మొదట నిలిచెను. చనిపోయిన డెబ్బదియేడేండ్లకు దక్కిన స్థానము. నీగ్రో లీగు సీజన్లు చిన్నవి, ఆ సగటును దీనితో కలుపరాదు అని సణుగువారు కలరు. సీజన్లు చిన్నవగుటకు గిబ్సన్ కారకుడు కాడు. నేటి వానిని నాటి వానితో పోల్చుట మాట అటుండగా, ఒకే దేశమున ఒకే సమయమున బ్యాటు పట్టిన ఇద్దరిని ఒక లీగులో నిలుపలేకపోయిన ఆట ఇది. 54కు 19 అను మన లెక్క ఆ గోడకు ఈవలివారిలో తీసినది.

తాత్పర్యము: ఓ తాతా! నీవు పొగడెడి బేబ్ రూత్ ఈనాడు వచ్చి ఆడినచో, నూరు మైళ్ళ బంతి అతని బ్యాటును తాకనైనను తాకదు. నీ మాటలన్నియు వట్టి గొడవ. (అని మనుమడు పలికి, రూత్ పేరు గల చొక్కాయే కొనిపెట్టుమని అడిగెనని భావము.)

పాఠాంతరము: 'రూతు' అనుచోట 'కాబు' అని కొందరు. యతి చెడును గాని వాదము చెడదు. పాత ఆటగాడు లెఫ్టీ ఓడూల్ చెప్పినదిగా ఒక చాటువు కలదు. టై కాబ్ ఈ కాలమున ఆడిన సగటు ఎంత వచ్చునని అడుగగా, .340 అనెనట. అంత తక్కువయా అనిన, అతనికిప్పుడు డెబ్బది దాటినవి గదా అనెనట.

ఈ మనుమడును తాత కాక మానడు. అపుడు వాని మనుమడు 'రూతు' తీసి, పిచ్చరుగను బ్యాటరుగను మెరసి, 2024లో ఒక్క సీజనులో 54 హోమ్ రన్‌లు కొట్టి 59 బేసులు దొంగిలించిన 'ఒటాని'ని పెట్టబోవును. ఒటాని జగణము. తేటగీతి మొదట సూర్యగణము ఉండవలెను. కావున ఆ తరమువారు ఇప్పటినుండియే వేరొక ఛందస్సు చూచుకొనవలెను.