మహారాజశ్రీ క్రోక్ పార్క్ వారి సముఖమునకు

మహారాజశ్రీ గేలిక్ అథ్లెటిక్ అసోసియేషన్, కేంద్ర పోటీల నియంత్రణ సంఘం వారి దివ్యసముఖమునకు, లౌత్ కౌంటీ డ్రొహెడా పట్టణ కాపురస్థుడు, పుట్టుకతో తెలుగువాడు, వ్రాసుకున్న విన్నపము.

అయ్యా, మీ గేలిక్ ఫుట్‌బాల్ ఆట మీద నాకు ఫిర్యాదు లేదు. బంతి పట్టుకుని నాలుగడుగులు వేసి, దాన్ని నేలకు కొట్టాలా, పాదంతో మళ్లీ చేతిలోకి ఎగరేసుకోవాలా అని తేల్చుకునేలోపే ఎదుటివాడి భుజం వచ్చి తగలడం చూడముచ్చటగానే ఉంటుంది. భుజంతో భుజాన్ని కొట్టవచ్చు, తెరిచిన అరచేత్తో బంతిని తట్టవచ్చు, మనిషిని మాత్రం పట్టుకోరాదని మీ శాసనం. అసలు పట్టుకోకుండా ఎదుటివాణ్ణి ఆపే మొనగాడు ఇంకా నా కంటబడలేదు. పైసా జీతం లేకుండా ఆడి, సోమవారం పొద్దున బడికో బ్యాంకుకో పరుగెత్తే కుర్రాళ్లు కదా, కాస్త చెయ్యి చేసుకుంటే చేసుకున్నారులే అని జనం కూడా సర్దుకుపోతారు. 1983 ఆల్ ఐర్లండ్ ఫైనల్లో నలుగురిని బయటికి పంపితే అందులో ముగ్గురు డబ్లిన్ వాళ్లు. మిగిలిన పన్నెండు మందీ కప్పు గెలిచి ఆ ఊళ్లో అపొస్తలులైపోయారు. 1996లో మీత్, మేయోల ఫైనల్ రెండోసారి ఆడితే, మొదలైన కాసేపటికే ఇరు జట్లూ కలిసి కొట్టుకున్నాయి. రిఫరీ పాట్ మెక్‌ఎనీనీ ఆ గుంపులోంచి ఇటొకణ్ణి, అటొకణ్ణి ఏరి ఇంటికి పంపాడు. ఏ లెక్కన ఏరాడని అడిగితే చుట్టుపక్కల ఇప్పటికీ తగువే.

నా బాధ వేరు. మీ న్యాయం కొట్టినవాడికి తల్లిలా ఉంటుంది, ఓడినవాడికి గోడలా ఉంటుంది.

కొట్టినవాడి సంగతి ముందు. మీరు శిక్ష ప్రతిపాదిస్తారు. అది నచ్చకపోతే విచారణ సంఘం ఉంది, అక్కడా పని కాకపోతే అప్పీళ్ల సంఘం, అదీ దాటితే వివాద పరిష్కార అథారిటీ. మా తెలుగునాట గట్టు తగాదా కూడా ఇన్ని మెట్లెక్కదు. 2014లో కెర్రీతో సెమీఫైనల్లో మేయో ఆటగాడు లీ కీగన్‌కు ఎర్రకార్డు పడింది. మ్యాచ్ సమమైంది, మళ్లీ ఆడేలోపు కార్డు మాయమైంది. (ఆ రెండో మ్యాచ్‌ని లిమరిక్‌కు తోలారు. అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌కు క్రోక్ పార్క్ అద్దెకిచ్చారు మరి. మన మైదానం, మనకే తావు లేదు.) మరుసటి ఏడు మేయోతో సమమైన మ్యాచ్‌లో డబ్లిన్ ఆటగాడు డియర్మిడ్ కొనొలీకి ఎర్రకార్డు. కొట్టింది ఎవర్నో కాదు, అదే కీగన్‌ని. కేసు మెట్లన్నీ ఎక్కి ఎక్కి, రెండో మ్యాచ్ ఆడాల్సిన శనివారం తెల్లవారుజామున కొట్టివేయబడింది. దెబ్బ తగిలిందా లేదా అన్నది అక్కడ ప్రశ్నే కాదు, విచారణ పద్ధతి ప్రకారం జరిగిందా అన్నదే ప్రశ్న. ఆ సాయంత్రం ఆయన ఆడాడు, డబ్లిన్ గెలిచింది. ఆ ఏడాది ఆగస్టులోనే ఎవరో జుట్టు నిమిరితే పిడుగు పడ్డట్టు కుప్పకూలిన టైరోన్ కుర్రాడికి ఎనిమిది వారాలన్నారు, తర్వాత అదీ వద్దన్నారు. నేను అతని పక్షమే. నటనకు ఎనిమిది వారాలైతే సగం దేశం ఇంట్లో కూర్చోవాలి.

ఇక ఓడినవాడి సంగతి.

2010 జూలై 11. లీన్‌స్టర్ ప్రాంతీయ ఫైనల్. ఐర్లండ్ మొత్తంలో చిన్న కౌంటీ లౌత్, పక్కనే ఉన్న మీత్. లౌత్ ఈ ఫైనల్ దాకా రావడం 1960 తర్వాత అదే తొలిసారి, అంతకుముందు చివరగా గెలిచింది 1957లో. నిర్ణీత సమయం అయిపోయింది, లౌత్ ఒక్క పాయింటు ముందుంది. బంతి పైనుంచి వచ్చి గోలు ముందు పడింది. కాళ్లూ చేతులూ కలగలిసిన ఆ గుంపులో అది జో షెరిడన్ చేతికి చిక్కింది. ఆయన బంతితో సహా గీత మీదకి ఒరిగి, చేత్తోనే దాన్ని లోపలికి నెట్టేశాడు. చేతిలో పట్టిన బంతిని విసిరినా, మోసుకెళ్లినా గోలు కాదని మీ పుస్తకమే చెబుతుంది. రిఫరీ మార్టిన్ స్లడ్డెన్ అంపైరుతో ఒక మాట మాట్లాడి గోలు ఇచ్చేశాడు. మీత్ 1-12, లౌత్ 1-10. గోలుకు మూడు పాయింట్లు గనుక, ఒక పాయింటు వెనకబడ్డవాళ్లు రెండు పాయింట్లతో గెలిచారు.

తర్వాత మావాళ్లు మైదానంలోకి దూసుకెళ్లి ఆ రిఫరీని తోశారు, వెంటపడ్డారు. పోలీసులు చుట్టూ నిలబడి ఆయన్ని లోపలికి తీసుకెళ్లాల్సి వచ్చింది. ఆ పనిని సమర్థించే లౌత్ మనిషి ఎవరైనా ఉంటే నా గుమ్మం తొక్కనక్కర్లేదు. ఆయన చూసింది ఒక్కసారి, ఒక్క చోటు నుంచి. తెల్లకోట్లు వేసుకుని గోలు పక్కన నిలబడే అంపైర్లను రిఫరీలు తమ స్నేహితుల్లోంచో బంధువుల్లోంచో తెచ్చుకోవడం మీరు నడిపిస్తున్న ఆచారమే. నేరం ఆయనది కాదు.

మర్నాడు మీరు ఏం చెప్పారు? రిఫరీ తన నివేదికలో పొరపాటు ఒప్పుకున్నాడన్నారు. అయినా మళ్లీ ఆడించే అధికారం మాకు లేదు, మీత్ వాళ్లు ముందుకొస్తే తప్ప అన్నారు. మీత్ వాళ్లు సమావేశమై రాలేమన్నారు. వాళ్లను నేను తిట్టను, చేతికొచ్చిన కప్పును ఎవరు తిరిగిస్తారు? కానీ తీర్పు చెప్పవలసినవాళ్లు గెలిచినవాడి జాలికి వదిలేయడం ఏ ధర్మమండీ?

జరిగిన విషయంలో, సమయం విషయంలో రిఫరీ మాటే తుది అన్నది మీ పుస్తకం. కాదనను. అయితే సమయాన్ని మీరే 2025లో ఆయన చేతిగడియారం నుంచి తీసి హూటరుకు అప్పగించారు. స్కోరు సంగతా? 2022లో గాల్వే, డెర్రీల సెమీఫైనల్లో షేన్ వాల్ష్ కొట్టిన పాయింటును హాక్-ఐ యంత్రం కాదంది. విరామంలో తప్పు తెలుసుకుని ఆ పాయింటు గాల్వే ఖాతాలో కలిపారు. ఆకాశం విరిగి పడలేదు. అంటే యంత్రం పొరబడితే స్కోరు దిద్దవచ్చు, మనిషి పొరబడి సంతకం పెట్టి ఒప్పుకున్నా దిద్దరాదు! తలలు లెక్కపెట్టడంలో తేడా వచ్చినా మీకు అధికారం పుట్టుకొస్తుంది. 2023 జనవరిలో క్లబ్ ఫైనల్ చివరి క్షణాల్లో కిల్మకడ్ క్రోక్స్ పదిహేను మందికి మించి నిలబడిందని ఓడిన గ్లెన్ జట్టు ఫిర్యాదు చేస్తే మళ్లీ ఆడమన్నది మీరే. క్రోక్స్ అప్పీలుకు వెళ్లింది, గ్లెన్ విసిగి వదిలేసింది, కప్పు ఉన్నచోటే ఉంది. అది వేరే కథ.

2025 మే 11న లౌత్ అదే మీత్‌ను 3-14, 1-18తో ఓడించి, 1957 తర్వాత తొలిసారి లీన్‌స్టర్ గెలిచిందని, పాత లెక్క చెల్లిపోయిందని మీ కార్యాలయంలో ఎవరైనా అనుకుంటూ ఉండవచ్చు. అది మా కుర్రాళ్లు కష్టపడి వసూలు చేసుకున్నది, మీరు ఇచ్చింది కాదు. 2010లో చేజారిన పతకాలను అది తిరిగి తెచ్చివ్వదు.

కనుక మనవి చేసుకునేది ఏమంటే, మ్యాచ్ ఫలితాన్ని తారుమారు చేసిన స్కోరు తప్పని రిఫరీయే తన నివేదికలో రాసిచ్చినప్పుడు, అవతలి జట్టు అనుమతి అక్కర్లేకుండా మళ్లీ ఆడించే అధికారం మీ సంఘానికి ఉండేలా వచ్చే మీ వార్షిక మహాసభ అయిన కాంగ్రెస్‌లో ఒక తీర్మానం పెట్టించాలి. మూడు రంగుల కార్డులు, నలభై మీటర్ల వంపుగీత, కెప్టెన్ తప్ప ఎవరూ నోరెత్తరాదన్న నియమం, ఇన్ని తెచ్చినవాళ్లకు ఒక్క వాక్యం బరువు కాదు. జవాబు ఏ వేళకు వచ్చినా ఫర్వాలేదు. తెల్లవారుజామున కూడా తీర్పులు వెలువడతాయని 2015లోనే చూశాం.

ఇట్లు,
విధేయుడు,
ఒక లౌత్ అభిమాని