పిందెను చూసి చేపను కొనండి

ఆగిరిపల్లిలో పుట్టినవాడికి బేరం ఒకరు నేర్పక్కర్లేదు. పూత చూసి తోట మాట్లాడేస్తాం, పిందె నిలవగానే అడ్వాన్సు చేతిలో పెట్టేస్తాం. తర్వాత పురుగు పట్టినా, గాలివానకు కాయంతా నేలపాలైనా అది వేరే సంగతి. ఈ ఏడు రథసప్తమి తిరునాళ్ళు అయిపోయాక, మనవడి కోసం ఇంట్లో చేపల తొట్టె పెడదామనుకున్నప్పుడు నాకు ఈ అనుభవం చాలనిపించింది. ఎవర్నీ ఒక్క ముక్క అడగలేదు. మీరూ అడక్కండి. కింద చెప్పినట్టు చేయండి చాలు.

తొట్టె చిన్నది కొనండి. మాది రెండడుగుల పొడుగు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు. అంచుదాకా పోస్తే 56 లీటర్లు. అందులో రంగు గులకరాళ్ళు, ప్లాస్టిక్ కోట, బుడగలొదులుతూ నోరు తెరిచే మొసలి బొమ్మ పెట్టాక నీళ్ళకు కాస్త చోటు తగ్గింది. తగ్గితే తగ్గింది, మొసలి లేని తొట్టె ఒక తొట్టేనా?

ఇక చేపలు. రంగు ఒక్కటే చూడండి. బెజవాడలో కొట్టుకెళ్ళి పావుగంటలో తేల్చేశాను. నీలం గీత మెరిసే నియాన్లు తొమ్మిది, తెరచాపల్లాంటి రెక్కలున్న ఏంజెల్స్ నాలుగు, చారల టైగర్ బార్బులు ఆరు, గోల్డ్ ఫిష్ నాలుగు, ఫైటర్లు రెండు, వెండిలా తళతళలాడే షార్కులు రెండు, అద్దానికి నోరు అంటించుకునే సక్కర్ ఒకటి. మొత్తం 28. అన్నీ వేలెడంత లోపే. ఒకే కవర్లో పట్టేశాయంటే ఒకే తొట్టెలో పట్టవా? ఫైటర్లను మాత్రం కొట్టువాడు వేర్వేరు గ్లాసుల్లో పోసి, మధ్యన అట్టముక్క అడ్డం పెట్టి ఉంచాడు. అన్నదమ్ముల్ని అలా విడదీయడం నాకు నచ్చలేదు. ఇంటికొచ్చి కలిపేశాను. ఆ కథ సాయంత్రానికే ముగిసింది.

నీళ్ళు పోసిన రోజే చేపల్నీ వదిలేయండి. చేపల రెట్టలోంచి అమ్మోనియా పుడుతుందనీ, దాన్ని విరిచే సూక్ష్మజీవులు ఫిల్టరు స్పాంజిలో కాపురం పెట్టడానికి నెల పైనే పడుతుందనీ, అందాకా ఒకటీ అరా చేపలతో ఓపిక పట్టాలనీ కొందరంటారు. నెల్లాళ్ళు ఖాళీ నీళ్ళు చూస్తూ కూర్చోడానికి మనవడు ఒప్పుకోవాలిగా? పంచాయతీ కుళాయి నీళ్ళయితే మరీ మంచిది, అందులో బ్లీచింగ్ ఉంటుంది కాబట్టి శుభ్రం. స్పాంజి గోధుమరంగుకు తిరగగానే మా ఆవిడ సబ్బుపొడి పెట్టి తెల్లగా ఉతికి ఆరేసింది. సూక్ష్మజీవులన్నీ పోయాయి. ఇల్లన్నాక శుభ్రం ఉండాలి.

కుళాయి రాని రోజు బోరు నీళ్ళు పట్టండి. గిన్నెలకు తెల్లగా పట్టే నీళ్ళవి. గప్పీలకూ మోలీలకూ అలాంటి గట్టి నీళ్ళు పడతాయట. నియాన్లది అమెజాను, వాటికి మెత్తటి నీళ్ళు కావాలట. గోల్డ్ ఫిష్‌కేమో చల్లదనం కావాలట. ఒక్కో చేపకూ ఒక్కో బిందె తెచ్చిపెట్టేదెవరు? మా తోటలో ఒకే నేల మీద చిన్నరసం, బంగినపల్లి, కలెక్టరు పక్కపక్కనే కాయడం లేదూ?

నాలుగో రోజు పొద్దున లెక్క పెడితే తొమ్మిది నియాన్లలో ఆరే ఉన్నాయి. తొట్టె మీద మూత ఉంది, కింద తడి లేదు, పిల్లి మాకు లేదు. వంద మామిడికాయలకు పైన నాలుగు వేయడం మా మర్యాద. ఈ కొట్టువాడు తగ్గించి వేశాడన్నమాట అనుకున్నాను. ఏంజెల్స్ పొట్టలు కాస్త ఎత్తుగా కనబడ్డాయి గానీ, కొత్త ఊరి నీళ్ళు పడి ఒళ్ళు చేశాయనుకున్నాను. ఆ ఏంజెల్స్ రెక్కల అంచుల్ని టైగర్ బార్బులు వారంలో అప్పడం అంచు కొరికినట్టు కొరికేశాయి. ఆడుకుంటున్నాయని మనవడికి చెప్పాను.

అప్పుడే కైకలూరు నుంచి మా బావమరిది వచ్చాడు. అతనికి చేపల చెరువులున్నాయి. తొట్టె ముందు గొంతుక్కూచుని చాలాసేపు చూశాడు.

“బావా, మేం చెరువులో పిల్ల వదిలేముందు ఎవరెక్కడ మేస్తారో చూసుకుంటాం. బొచ్చె పైన, శీలావతి మధ్యన, మోసు అడుగున. ఒకదాని కూడు ఇంకోటి లాక్కోదు. అంతకుముందే చెరువు ఎండగట్టి, కొరమేను, వాలుగ లాంటివి ఒక్కటి మిగలకుండా చూస్తాం. నువ్వేమో వాలుగల్నీ పరిగెల్నీ ఒకే గిన్నెలో పోసి పెట్టావు.”

ఆ తర్వాత షార్కుల దగ్గర వేలు పెట్టి నవ్వడం మొదలెట్టాడు. “ఇది షార్కు అని చెప్పాడా? ఇది మా ఫంగస్ బావా! మా చెరువుల్లో ఏడాది తిరక్కుండా కిలో దాటుతుంది. దీని సొంతూరు మెకాంగ్ నది, అక్కడ నాలుగడుగులు ఎదుగుతుంది. నీ తొట్టె రెండడుగులే కదా.” ఇంకో కొట్టుకెళితే రూప్‌చంద్ చేపపిల్లల్ని పిరానా అని కూడా అమ్ముతారట.

మీరిలాంటివి వినకండి. అతనిది తినే చేపల విద్య, మనది చూసే చేపల విద్య. కొట్లో ఉన్నవన్నీ పిందెలేననీ, ఏ పిందె ఎంత కాయవుతుందో తెలుసుకుని కొనాలనీ అతని వాదన. పిందె చూసి తోట కొనే మనకా ఆ పాఠం?

మేత ధారాళంగా వేయండి. చేప ఎప్పుడు చూసినా ఆకలిగానే కనిపిస్తుంది. మనవడొక చిటికెడు, ఎదురింటివాళ్ళొక చిటికెడు, పెళ్ళి కార్డు ఇవ్వడానికొచ్చినవాళ్ళొక చిటికెడు.

రోహిణి కార్తె ముందు ఒక రాత్రి గాలివాన కొట్టింది. తోటలో కాయ రాలింది, ఊళ్ళో కరెంటు పోయింది, మొసలి నోరు మూసుకుంది. వేడెక్కిన నీళ్ళలో ప్రాణవాయువు అసలే తక్కువ. టార్చి వేసి చూస్తే చేపలన్నీ పైకొచ్చి నోళ్ళు తెరిచి ఉన్నాయి. చేప తేలడమంటే ఇదేనని బావమరిది ఫోనులో చెప్పాడు. అక్కడ వాళ్ళు వెంటనే ఏరియేటర్లు తిప్పుతారు. నేను విసనకర్రతో విసిరాను.

తెల్లారేసరికి మిగిలింది మూడే. షార్కులు రెండూ, సక్కరూ. నీళ్ళలో ఊపిరాడకపోతే పైకొచ్చి గాలి మింగి బతికే జాతులవి. చూశారా, కలిసి బతికే చేపల్ని ఎంచడానికి ఇంతకన్నా తేలికైన పద్ధతి లేదు: 28 కొనండి, కరెంటు పోనివ్వండి, మిగిలినవి కలిసి ఉండగలవు.

చివరి సలహా. సక్కర్ జానెడు దాటి, రాత్రిళ్ళు కోటను పడదోస్తుంటే, తీసుకెళ్ళి ఊరి చెరువులో వదిలేయండి. జీవిని వదిలితే పుణ్యం. నేను బిందెలో వేసుకుని గడప దాటబోతుంటే బావమరిది బండి ఆపి, అంతవరకూ ఎన్నడూ లేనిది, నామీద గొంతు పెంచాడు. కొల్లేటి వాళ్ళు దెయ్యం చేప అనేది దీన్నేనట. ముళ్ళకు వలలు చిరుగుతాయి, గట్లు తొలుస్తుంది, మిగతా చేపల గుడ్లు తినేస్తుంది, దీన్ని కొనేవాడుండడు. హైదరాబాదు సీసీఎంబీ శాస్త్రవేత్తలు తూర్పు కనుమల నీళ్ళలో డీఎన్ఏ ఆనవాళ్ళు వెతికితే ఇది చాలాచోట్ల తగిలిందట. “ఇదేమీ ఎగిరి రాలేదు బావా. నీలాంటివాళ్ళు పుణ్యం కోసం వదిలిందే.”

బిందె లాక్కుని, సక్కర్‌ను బెజవాడ కొట్టుకే తిరిగి ఇచ్చేశాడు. షార్కుల్ని తన చెరువుకు తీసుకెళ్ళాడు.

తొట్టె ఊరికే ఉండటమెందుకని మా ఆవిడ అందులో వరిగడ్డి పరిచి, రాలకుండా మిగిలిన చిన్నరసాలు మాగేసింది. నాలుగు రోజులైంది. లెక్క సరిపోయింది, ఏదీ దేన్నీ తినలేదు.