మూడు లక్షల్లో సముద్రం

పీఎఫ్ డబ్బులు చేతికొచ్చాయి. ‘తండేల్’ సినిమా చూశారు. ఆదివారం సాయంత్రం భీమిలి ఒడ్డున మిరపకాయ బజ్జీలు తింటూ, ఇసకలోకి లాగి పెట్టిన ఫైబర్ తెప్పల వరస చూసి లెక్క కట్టేశారు: చేపలకి మేత వెయ్యక్కర్లేదు, చెరువు లీజు కట్టక్కర్లేదు, కరెంటు బిల్లు లేదు. బావమరిది కూడా ఔనన్నాడు. చేతిలో ఉన్నది మూడు లక్షలు. ఇక కొనడమొక్కటే మిగిలింది కనక, ఎలా కొనాలో చెబుతాను. ఒక్కటి కూడా తప్పకుండా పాటించండి.

ముందుగా ఏది కొనాలి? విశాఖ హార్బరులో నిలబడి ఉండే పెద్ద మరబోట్ల వైపు చూడకండి. అవి పదుల లక్షల వ్యవహారం. దుంగలు కట్టిన పాత కర్ర తెప్పలు ఇప్పుడు అరుదు. 2004 సునామీ తరవాత ఊళ్లకు ఊళ్లే ఫైబర్‌కి మారిపోయాయి. కాబట్టి మీకు మిగిలింది ఫైబరే. అయితే బేరానికి వెళ్లినప్పుడు ‘తెప్ప’ అనకండి, ‘ఫిషింగ్ బోట్’ అనండి. తెప్ప అంటే మీకు విషయం తెలుసనుకుని అమ్మేవాడు ధర తగ్గించేసే ప్రమాదం ఉంది. వీలైతే కూలింగ్ గ్లాసులు పెట్టుకుని కారులో వెళ్లండి.

ఎప్పుడు కొనాలి అన్నదానికి నా దగ్గర ఒకటే ముహూర్తం ఉంది: ఏప్రిల్ రెండో వారం. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మోటారు పెట్టిన ఏ పడవా వేటకి వెళ్లకూడదు. చేపలు గుడ్లు పెట్టే కాలం. ఆ ముందు వారంలో అమ్మేవాడికి ఎందుకంత తొందరో అడగడం మర్యాద కాదు. కొన్న మూడో రోజు నుంచే మీ బోటు ఎండలో ఇసక మీద హాయిగా విశ్రాంతి తీసుకుంటుంది, మీ ఇంటి ఖర్చు మాత్రం వేటకి వెళుతూనే ఉంటుంది. ఆ రెండు నెలలకీ ప్రభుత్వం ఇచ్చే సాయం ఉంది కదా అంటారేమో. 10,000గా ఉన్న ఆ సాయం 2025లో 20,000 అయిన మాట నిజమే. కానీ అది సముద్రంలోకి వెళ్లే మత్స్యకారులకి. పీఎఫ్ డబ్బుతో బోటు కొని గట్టు మీద గొడుగేసుకుని కూర్చునేవారి గురించి ఏ జీవోలోనూ రాయలేదు. అర్జీ పెట్టి చూడండి, ఆఫీసులో వాళ్లకీ కాస్త నవ్వుకునే వీలు కలుగుతుంది.

ఇక చూడ్డం. రంగు చూడండి. కొత్త నీలం రంగు, దాని మీద పసుప్పచ్చ చార, ముక్కు దగ్గర గంగమ్మ బొమ్మ, సినిమా హీరో పేరు ఉంటే సగం బేరం అయిపోయినట్టే. రంగు కింద ఏముందన్నది అనుమానపు మనుషులు వేసే ప్రశ్న. అటువంటివాడు ఒకడు ప్రతి వాడలోనూ ఉంటాడు. మెడలో తువ్వాలు, నోట్లో అడ్డపొగ, వయసు డెబ్బై పైమాటే. వెంట వస్తానన్నా వద్దనండి. వచ్చాడంటే నేరుగా పడవ వెనక్కి పోతాడు, ఇంజను బిగించే పలక దగ్గర గొంతుక్కూర్చుంటాడు, జేబులోంచి రూపాయి బిళ్ళ తీసి చివర్నించి చివరి దాకా చిన్నగా కొట్టుకుంటూ వస్తాడు. ఠంగు, ఠంగు, ఠంగు అని వస్తూ వస్తూ ఒకచోట ‘డబ్బు’ మంటుంది. అక్కడ ఆగి మీ మొహం చూస్తాడు. ఆ పలకలో రెండు ఫైబరు పొరల మధ్య ప్లైవుడ్ ఉంటుంది. బోల్టులు దింపిన కన్నాల్లోంచి ఉప్పునీరు చేరి అది ఏళ్ల తరబడి నానిపోతుంది, పైకి మాత్రం రంగు నిగనిగలాడుతూనే ఉంటుంది. ఆ తరవాత ఆయన ఇంజను తల రెండు చేతులా పట్టుకుని కిందికీ పైకీ ఊపుతాడు. ఇంజనుతో పాటు పలక కూడా ఊగితే తువ్వాలు దులుపుకుని లేచిపోతాడు. ఇలాంటి దృశ్యాలు ఉత్సాహాన్ని చంపేస్తాయి. అందుకే బేరానికి సాయంత్రం, కొంచెం చీకటి పడ్డాక వెళ్లమనేది.

అడుగు కూడా చూడనక్కర్లేదు. రోజూ ఇసక మీద ఈడ్చే పడవకి అడుగునే అరుగుతుందని తెలిసినవాళ్లంటారు. అది చూడాలంటే పదిమందిని పిలిచి బోర్లించాలి, పదిమందికీ టీలు ఇప్పించాలి. బడ్జెట్ పడవ కదా, ఆ టీ ఖర్చు మిగుల్చుకోండి. పడవ మరీ బరువుగా కదులుతోందేమిటని అడిగితే “గట్టి బోటండి బాబూ” అంటాడు. నమ్మండి. మునక్కుండా ఉండడానికి గదుల్లో నింపిన ఫోము నీళ్లు పీల్చుకున్నా పడవ అంతే గట్టిగా ఉంటుంది.

ఇంజను దగ్గర ఒక్క తాడు లాగుడుకి స్టార్టయితే చప్పట్లు కొట్టండి. స్టార్టు చెయ్యకముందు దాని మీద చెయ్యి వేసి చూడకండి. వెచ్చగా తగిలితే, మీరు రావడానికి అరగంట ముందే దాన్ని ఎవరో బతిమాలి, బుజ్జగించి, ఒకసారి తిప్పారని తెలిసిపోతుంది, మనసు పాడవుతుంది. అవుట్‌బోర్డు మోటారైతే కింద గేరు పెట్టె స్క్రూ విప్పి రెండు చుక్కలు ఆయిలు వేలి మీద పట్టమని ఎవరో సలహా ఇస్తారు. సీలు పోయి లోపలికి నీళ్లు చేరి ఉంటే ఆ ఆయిలు పాలు పోసిన టీ రంగులో దిగుతుంది. దిగితే దిగనివ్వండి, స్క్రూ బిగించేసి పైనున్న కొత్త స్టిక్కరు చదువుకోండి. స్టిక్కరు మీద హార్స్‌పవరు ఎక్కువే రాసి ఉంటుంది.

కాగితాలంటారా? ముక్కు మీద ఐఎన్‌డీ, ఏపీ అంటూ మొదలయ్యే నంబరు పెయింటుతో రాసి ఉంటుంది. చాలదూ? 1994 నాటి రాష్ట్ర సముద్ర వేట నియంత్రణ చట్టం ప్రకారం రిజిస్ట్రేషను, లైసెన్సు ఉండాలి గాని, అమ్మేవాడు “మా చిన్నబావ పేరు మీదుంది, ఆడు ఊళ్లో లేడు, వచ్చాక రాయించేద్దాం” అన్నాక ఇంకా కాగితం అడగడం బంధుత్వాలను శంకించడమే. బీమా కూడా అంతే, దండగ. 2023 నవంబరు 19 రాత్రి విశాఖ హార్బరులో మంటలు లేచి 40 దాకా బోట్లు కాలి దెబ్బతిన్నప్పుడు చాలావాటికి బీమా లేదు. బోటు విలువలో 80 శాతం ప్రభుత్వం ఇస్తానంది. దాన్నిబట్టి మీరు నేర్చుకోవలసింది, తగలబడితే అందరితో కలిసి, పేపర్లో పడేలా తగలబడాలని. ఒంటరిగా ఒక రాత్రి మీ తెప్ప ఒక్కటే కెరటాలకి కొట్టుకుపోతే కలెక్టరు రాడు.

ఇప్పుడు డబ్బు. మూడు లక్షలూ పడవకే పెట్టేశారు కనక వలలకి లేదు. ఔను, వలలు విడిగా కొనాలి. ఆ సంగతి మీకు ఇప్పుడే తెలిసి ఉంటుంది, అందరికీ ఇప్పుడే తెలుస్తుంది. ఒక్క వల చాలదు. కవళ్లకి పనికొచ్చే కన్ను వంజరానికి పనికిరాదు, కానాగంతల వల వేరు. అన్నిటికీ కలిపి మధ్యస్థంగా ఒక సైజు కొనుక్కోండి, చిన్నవి జారిపోతాయి, పెద్దవి చింపుకుపోతాయి, మీకు పక్షపాతం లేదన్న పేరొస్తుంది. తీరం నుంచి 8 కిలోమీటర్ల లోపు పెద్ద మరబోట్లు వేట చెయ్యకూడదని నియమం. రాత్రిపూట ఆ కిలోమీటర్లను ఎవరూ కొలవరు. పొద్దున వెళ్లేసరికి మీ వల రెండు ముక్కలైపోయి ఉంటే, పోనీ, రెండు వలలయ్యాయి.

వలలకి అప్పు కోసం బ్యాంకుకి వెళ్లకండి, వాళ్లు ప్రశ్నలు వేస్తారు. ఒడ్డునే షావుకారు ఉంటాడు. ఎంత మంచివాడో చెప్పలేను. సంతకం అడగడు, హామీ అడగడు, వడ్డీ మాట ఎత్తడు. డీజిలుకి, ఐసుకి, వలకి ఎంత కావాలంటే అంత చేతిలో పెడతాడు. పడిన చేప తనకే వెయ్యాలన్నది ఒక్కటే షరతు. ధర ఎంతంటారా? చేప చూశాక ఆయనే చెబుతాడు. పక్కనే నిలబడి ఆడవాళ్లు పాట పాడుకుంటూ అదే చేపని అంతకంటే పైకి తీసుకుపోతుంటారు గాని, అటు వినకండి. బాకీ తీరేదాకానే ఈ ఏర్పాటు. బాకీ ఎప్పుడు తీరుతుందని షావుకారుని అడిగినవాళ్లు ఉన్నారు. ఆయన మరో పదివేలు ఇచ్చి పంపించాడు.

పడవ ఉంది, వల ఉంది, నడిపేదెవరు? తండేలు కావాలి, వల లాగే కళాసీలు కావాలి. ఉత్తరాంధ్ర వాడల్లో నీళ్లు తెలిసిన కుర్రాళ్లలో చాలామంది గుజరాత్ వెళ్లి వెరావల్‌లో ఉంటారు. అక్కడ పెద్ద బోట్లు, నెల జీతం. 2018 నవంబరులో పాకిస్తాన్‌కి చిక్కి, 2020 జనవరిలో ఇంటికొచ్చిన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలవాళ్లు అలా వెళ్లినవాళ్లే. జైలు చూసొచ్చాక కూడా అటే పోతున్న మనుషులున్నారంటే, ఇక్కడ వాటా ఎంత గిడుతోందో ఊహించుకోవచ్చు. కానీ మీరు ఊహించకండి. అడ్వాన్సు ఇచ్చి ఇద్దర్ని పెట్టుకోండి. ముందు డీజిలు, ఐసు, తిండి ఖర్చు తీసేస్తారు. మిగిలినదాంట్లో మనుషులకీ పడవకీ వలకీ వాటాలు. ఏ వాడ లెక్క ఆ వాడది. మీ వంతు చివర్లో వస్తుంది.

చేప ఎక్కడుందో తెలుసుకోవడం ఉచితమే. సముద్రం చూడని హైదరాబాదు నగరంలో ఇన్‌కాయిస్ అనే సంస్థ కూర్చుని, ఉపగ్రహాలు పంపే నీటి వేడినీ, నీటిలో నాచు పచ్చదనాన్నీ బట్టి ఫలానా దిక్కున, ఇన్ని కిలోమీటర్ల దూరంలో చేపలు ఉండవచ్చని సూచన ఇస్తుంది. మంచి సూచనే. మీరు చూసే సరికి మిగతా తీరమంతా కూడా చూసేసి ఉంటుంది, అంతే. లైఫ్ జాకెట్లు కొంటే ప్లాస్టిక్ కవరు విప్పకుండా ఇంట్లో అటక మీద పెట్టుకోండి, కొత్తవిగా ఉంటాయి. కోస్ట్‌గార్డ్ నంబరు 1554. ఇది మాత్రం వెటకారం కాదు, ఫోన్లో వేసుకోండి.

అన్నీ అయ్యాక యజమానిగా ఒక్కసారైనా వేటకి వెళ్లాలి. కళాసీలు లెక్క దాస్తున్నారన్న అనుమానం బావమరిది మీ చెవిలో ఎలాగూ వేసేసి ఉంటాడు. తెల్లారగట్ల మూడింటికి రమ్మంటారు. ఇడ్లీ, సాంబారు కడుపునిండా తిని వెళ్లండి. మొదటి మూడు కెరటాలు దాటేదాకా పడవ నిలువుగా లేచి పడుతుంది, అప్పుడు ఫోటోలు తీసుకోవచ్చు. అసలు సంగతి ఆ తరవాత, వల వేసి ఇంజను ఆపేసి, పడవ ఎటూ పోకుండా పక్కకీ పక్కకీ ఊగే గంటల్లో మొదలవుతుంది. డీజిలు వాసన, పాత చేప వాసన, ఎండ. ఎన్ని చేపలు పడ్డాయో లెక్కపెట్టడానికి వెళ్లినవారు పడవ అంచు పట్టుకుని తల బైటికి పెట్టి ఉండడం వల్ల లెక్క కుదరదు. తిరిగి ఒడ్డుకి చేరాక తండేలు మిమ్మల్ని చంకలో చెయ్యేసి దింపి, సరుగుడు నీడన కూలేసి, సోడా తెప్పించి, ఎంతో అభిమానంగా చెబుతాడు: “బావూ, రేపట్నుంచి తమరు గట్టు మీదే ఉండిపోండి. తమరి వాటా మేం అట్టుకొస్తాం కదేటి.”

తల ఊపండి. ఆ పూటకి అంతకంటే మీవల్ల అయ్యేదీ లేదు.